ఆర్విడ్ ఫ్రిజ్ కరెంటు నిధి

అక్టోబర్ 12, ఆదివారం

ఈ నోటుపుస్తకం మార్లిస్ కొనుక్కొచ్చింది. "నోటితో ఎలాగూ చెప్పవు, చేత్తోనైనా రాసుకో. నేను చదవనులే" అంది. నా భార్య చదవనంటే చదవదు. అందుకే రాస్తున్నాను.

ఈ రోజు విశేషం ఒక్కటే. గ్యారేజీలో చిన్న ఫ్రిజ్ ప్లగ్గు పీకేశాను.

కారణం కరెంటు బిల్లు. నిన్ననే వచ్చింది, పోయినేడాది ఇదే నెల కంటే ఎక్కువ. ఇంట్లో పెద్ద ఫ్రిజ్ ఉంది, కింద నేలమాళిగలో మాంసం దాచే ఫ్రీజరుంది, మళ్ళీ గ్యారేజీలో నడుమెత్తు కూడా లేని ఈ డబ్బా దేనికి? మా అమ్మాయి కారిన్ యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నప్పుడు కొన్నది. చదువు అయిపోయాక తెచ్చి ఇక్కడ పడేసింది, అప్పటినుంచీ రాత్రనకా పగలనకా గుర్రుమంటూనే ఉంది. తలుపు మీద కారిన్ హాకీ జట్టు స్టిక్కరు ఇంకా ఊడలేదు. తలుపు చుట్టూ రబ్బరు మాత్రం వదులైపోయి చల్లదనమంతా బయటికి పోతోంది. కరెంటు దండగ.

ఇంకే కారణమూ లేదు.

లోపలున్న బీరంతా మార్లిస్ వంటింటి సింకులో పారబోసింది. నేను ఆ చప్పుడు వినలేక పెరట్లోకి పోయి ఆకులు ఊడ్చాను.

అక్టోబర్ 13, సోమవారం

గుర్రు లేకపోతే గ్యారేజీ బావురుమంటోంది. కరెంటు మిగులుతోంది కదా, మంచిదే.

అక్టోబర్ 15, బుధవారం

ఇది రాయకుండా దాటేద్దామనుకున్నాను. మార్లిస్ రోజూ ఈ పుస్తకాన్ని నా కాఫీ కప్పు పక్కన పెట్టి పోతోంది.

పోయిన గురువారం టిల్డాను మంచు మీద హాకీ ఆడే రింకు నుంచి నేనే ఇంటికి తీసుకెళ్ళాను. గురువారాలు ఆ పని నాది. కారిన్ ఆసుపత్రిలో డ్యూటీ దిగేసరికి ఆలస్యమవుతుంది. నా మనవరాలికి ఎనిమిదేళ్ళు, గోల్‌కీపరు. మోసే సంచీ దానికన్నా పెద్దది. నా చిన్న ట్రక్కు ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా నోరు మూయదు, నాకు అదే కావాలి. ఆ రోజు ఇంటికెళ్ళి తల్లితో అందట, "అమ్మా, తాత దగ్గర గ్యారేజీ వాసన వస్తుంది. నాకు ఆ వాసనంటే ఇష్టం" అని.

ఇష్టం అంది పిచ్చితల్లి. దానికి బీరు వాసనంటే తాత గ్యారేజీ వాసన, అంతే.

మర్నాడే కారిన్ వచ్చింది. కోటు కూడా విప్పలేదు.

"నాన్నా, ఎన్ని తాగి దాన్ని ట్రక్కు ఎక్కించుకున్నావు?"

"రెండో మూడో. బండి సరిగ్గానే నడిపాను."

"కొత్త సంవత్సరం వచ్చేదాకా అది నీ బండి ఎక్కదు. అప్పటిదాకా ముట్టకుండా ఉన్నావా, గురువారాలు మళ్ళీ నీవే. ఉండలేకపోయావా, ఇక ఎప్పటికీ నీవి కావు. నాతో వాదించకు."

అరిచి ఉంటే బాగుండేది. నేనూ అరిచేవాణ్ణి. అది రోగులతో మాట్లాడినట్టు మెల్లగా చెప్పింది.

నేను తాగుబోతునేమీ కాను. శుక్రవారాలు స్నేహితులతో. ఆదివారం ఫుట్‌బాల్ చూస్తూ. మంగళవారం, శనివారం టీవీలో హాకీ ఉంటుంది కాబట్టి. సోమవారం కలప అడితిలో దుంగలు మోసి మోసి ఒళ్ళు హూనమవుతుంది కాబట్టి. గురువారం మరేం లేదు, ఊరికే. బుధవారం చర్చిలో భోజనం ఉంటుంది, బుధవారం మాత్రం అసలు ముట్టను.

ఈ రోజు బుధవారం.

అక్టోబర్ 17, శుక్రవారం

మా వీధిలో శుక్రవారం సాయంత్రం గ్యారేజీ పెద్ద తలుపు నడుమెత్తుకు లేపి పెడితే రమ్మని అర్థం. ఎవరూ ఎవరినీ పిలవరు. ఈ రోజు నేను తలుపు లేపలేదు. అయినా పక్క తలుపు తోసుకుని వచ్చేశారు ఇద్దరూ.

ఫెర్డ్ మా పక్కింటివాడు, ఇనుప గనిలో కరెంటు పని చేసి రిటైరయ్యాడు. లైల్ ఏమో మా కౌంటీ రోడ్ల మీద మంచు తీసే సర్కారు బండి నడుపుతాడు. ఇరవై ఏళ్ళుగా నా శుక్రవారాలంటే వీళ్ళే.

"ఏరా, ఎవరైనా పోయారా? తలుపు దించేసి కూర్చున్నావేంటి?" అన్నాడు ఫెర్డ్.

లైల్ పలకరింపులు పెట్టుకోడు, నేరుగా ఫ్రిజ్ దగ్గరికే పోతాడు. తలుపు తీసి, "ఓరి దేవుడో! వెచ్చగా ఉంది! పైగా ఖాళీ! కొంప మునిగింది!" అన్నాడు.

"ప్లగ్గు పీకేశాను. కరెంటు బిల్లు తట్టుకోలేకపోతున్నాం" అన్నాను.

తన తల్లిని నేను తిట్టినట్టు చూశాడు ఫెర్డ్. "ఈ బుడ్డ డబ్బా నీ బిల్లు పెంచిందా? జీవితమంతా కరెంటు పని చేసినవాడి మొహం మీద అంటున్నావా ఆ మాట?"

"రబ్బరు వదులైపోయింది."

"వదులైంది రబ్బరు కాదు, నీ బుర్ర."

లైల్ తన బండిలోంచి ఆరు డబ్బాలు తెచ్చాడు. ఒకటి నా చేతిలో పెట్టాడు. చల్లగా, తడిగా ఉంది. నేను దాన్ని బల్ల మీద పెట్టి, "పన్ను వాచింది, డాక్టరు మాత్రలిచ్చాడు. అవి వేసుకున్నన్నాళ్ళు తాగకూడదట" అన్నాను.

"అయ్యో, ఎటువైపు?"

"ఎడమ."

"మరి కుడి బుగ్గ పట్టుకున్నావేంటి?"

ఈ ఊళ్ళో మగవాళ్ళం ఒకరికొకరం అన్నీ చెప్పుకుంటాం. మోకాలి ఆపరేషను చెప్పుకుంటాం, మూత్రంలో రాయి ఎంత పెద్దదో చెప్పుకుంటాం. ఇది మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు.

అక్టోబర్ 20, సోమవారం

ఫెర్డ్ వదలడు. లైబ్రరీకి పోయి ఒక మీటరు తెచ్చాడు. మా లైబ్రరీలో పుస్తకాలతో పాటు రంపాలు, కేకు గిన్నెలు, ఇలాంటి మీటర్లు కూడా అరువిస్తారు. గోడకూ ఫ్రిజ్‌కూ మధ్యలో తగిలిస్తే ఎంత కరెంటు లాగుతోందో అదే చూపిస్తుందట.

"శుక్రవారం దాకా కదిలించకు. ఆ రోజు ఎవరు మొనగాడో తేల్చేద్దాం" అన్నాడు.

వద్దనడానికి కారణం దొరకలేదు. ఫ్రిజ్ మళ్ళీ గుర్రుమంటోంది. నిజం చెప్పాలంటే, వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. లోపల మాత్రం ఏమీ లేదు.

అక్టోబర్ 24, శుక్రవారం

ఫెర్డ్ కళ్ళజోడు పెట్టుకుని మీటరు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కాగితం మీద కూడికలు, గుణకారాలు. లేచి జడ్జిలా గొంతు సవరించుకున్నాడు.

"నెలకు నాలుగు డాలర్లు. ఒక కాఫీ, ఒక డోనట్. దీనికా నువ్వు మా కడుపు కొట్టింది?"

"నాలుగు డాలర్లు డాలర్లు కావా?"

"కావు!"

"వచ్చే ఏడు యూనిట్ ధర పెంచుతారట."

"పెంచితే నాలుగున్నర అవుతుంది. ఏడుస్తావా?"

"నాకు ఖర్చు కాదురా ముఖ్యం, పద్ధతి ముఖ్యం" అన్నాను. పద్ధతి అన్న మాట నా నోట్లోంచి రావడం వాళ్ళు ఎన్నడూ విని ఉండరు. లైల్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే బండి దగ్గరికి పోయి డజను డబ్బాలు తెచ్చి ఫ్రిజ్‌లో వరసగా పేర్చాడు. "పన్ను తగ్గాక తాగుదువుగానిలే. నీకే ఇవన్నీ" అన్నాడు. ఎంత ప్రేమగా పేర్చాడంటే, పేర్లన్నీ ముందుకు తిప్పి పెట్టాడు.

మార్లిస్ వంటింటి కిటికీలోంచి చూస్తూనే ఉంది.

అక్టోబర్ 25, శనివారం

డజను ఉన్నాయి. నేను ముట్టలేదు.

అక్టోబర్ 26, ఆదివారం

పదకొండు. లైల్ లెక్క తప్పి తెచ్చి ఉంటాడు.

అక్టోబర్ 27, సోమవారం

లైల్ లెక్క తప్పలేదు.

పొద్దున లేచేసరికి ఫ్రిజ్ ఖాళీగా ఉంది. మార్లిస్ తీసుకుపోయి ఎక్కడ పడేసిందో అడగలేదు. ఆమె గుడ్లు వేయించి పెట్టింది, రొట్టెకు వెన్న రాసి పెట్టింది. తిట్టి ఉంటే మింగుడుపడేవేమో. మీటరు ఫెర్డ్‌కు ఇచ్చేసి ప్లగ్గు మళ్ళీ పీకేశాను.

అక్టోబర్ 31, శుక్రవారం

పిల్లలందరూ వేషాలు వేసుకుని మిఠాయిల కోసం తిరిగే రోజు. టిల్డా మంచు తీసే బండి వేషంలో వచ్చింది. అట్టపెట్టెలు అతికించి, ముందు పెద్ద పార, నెత్తిన పసుపు దీపం. మెట్లెక్కడానికి తంటాలు పడుతూ, "తప్పుకోండి, తప్పుకోండి, దారి ఊడుస్తున్నాను" అని అరుస్తోంది. కారిన్ వెనకే నిలబడింది.

మిఠాయిలు అట్టపారలో పోశాను. అది తల పైకెత్తి అడిగింది.

"తాతా, గురువారాలు నువ్వెందుకు రావట్లేదు? మా పక్కింటి ఆంటీ కారులో వాసన బాగోదు. కుక్క వాసన."

"బండి పాడైందమ్మా. బాగు చేయిస్తున్నాను."

"ఎప్పటికి బాగవుతుంది?"

కారిన్ నా మొహం వంకే చూస్తోంది. ఆ బండి దాని కళ్ళ ముందే వాకిట్లో నిక్షేపంగా నిలబడి ఉంది. అది ఆ సంగతి ఎత్తలేదు. "కొత్త సంవత్సరానికి బాగవుతుందేమోనమ్మా. తాత గట్టిగా ప్రయత్నిస్తున్నాడు" అంది.

వాళ్ళు వెళ్ళాక మెట్ల మీద చాలాసేపు నిలబడిపోయాను. ఇంకా పిల్లలు వస్తున్నారు, మిఠాయిలు అయిపోయాయి.

నవంబర్ 5, బుధవారం

పరువు గంగపాలు. రాయడానికే సిగ్గుగా ఉంది.

అడితిలో మా మేనేజరు పక్కకు పిలిచి, "ఆర్విడ్, ఇబ్బందిగా ఉంటే శనివారాలు కూడా పనికి రా, ఓవర్‌టైం రాస్తాను" అన్నాడు. ఎందుకో అర్థం కాలేదు. చర్చి భోజనానికి వెళ్తే పాస్టరు గారి భార్య బంగాళదుంపలు, మాంసం కలిపి కాల్చిన పెద్ద పళ్ళెం నా చేతిలో పెట్టి, "పళ్ళెం నిదానంగా పంపండి" అని చేయి నొక్కింది. ఎవరో పోయిన ఇంటికి పంపినట్టు పంపింది. ఇంటికి వచ్చేసరికి గుట్టు రట్టయింది. ఫెర్డ్, లైల్ వాకిట్లో నిలబడి ఉన్నారు, చేతిలో కాఫీ డబ్బా. దాని మీద నల్ల మార్కరుతో రాసి ఉంది: ఆర్విడ్ ఫ్రిజ్ కరెంటు నిధి.

"ఊళ్ళో బారులో పెట్టాం, బంకులో పెట్టాం. అందరూ వేశారు. ఏడాది ఖర్చు వచ్చేసింది" అన్నాడు లైల్. మొహం వెలిగిపోతోంది.

ఫెర్డ్ మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "చూడు, నాకు తెలుసు, ఇది నాలుగు డాలర్ల సంగతి కాదు. ఇల్లు గడవడమే కష్టంగా ఉంటే మాతో చెప్పొచ్చు కదరా. మేం పరాయివాళ్ళమా?"

డబ్బా పుచ్చుకున్నాను. పుచ్చుకోకపోతే ఏం చెప్పాలి?

మార్లిస్ ఆ డబ్బా చూసింది, దాని మీద రాసింది చదివింది, కుర్చీలో కూలబడి నవ్వింది. కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆమె అలా నవ్వి ఎంత కాలమైందో. తర్వాత కళ్ళు తుడుచుకుని అడిగింది.

"ఊరంతా బిచ్చం వేస్తుంటే పుచ్చుకోవడం తేలికగా ఉంది గానీ, నిజం చెప్పడం అంత కష్టంగా ఉందా నీకు?"

అవును. అంత కష్టంగానే ఉంది.

నవంబర్ 8, శనివారం

జింకల వేట మొదలైంది. ఊళ్ళో మగవాడన్నవాడు లేడు, అందరూ అడవిలో గుడిసెల్లో ఉన్నారు. ఓవర్‌టైం ఉందని చెప్పి నేను ఆగిపోయాను. పన్నెండో ఏట మా నాన్న వెంట వెళ్ళిన దగ్గర్నుంచి ఒక్క ఏడూ మానలేదు.

అక్కడ నాకు కావలసింది జింక కాదని ఈ రోజు తెలిసింది.

నవంబర్ 14, శుక్రవారం

తలుపు లేపలేదు. ఒంట్లో బాగాలేదని ఫోనులో చెప్పాను. పన్నా అని అడిగాడు లైల్. కాదు, నడుము అన్నాను. పుట్టినప్పటినుంచీ ఇన్ని రోగాలు ఎప్పుడూ రాలేదు నాకు.

నవంబర్ 21, శుక్రవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టే రాస్తాను.

నాలుగు రోజులుగా గట్టి చలి పట్టింది. వాకిట్లో బక్కెట్లో నీళ్ళు అడుగుదాకా గడ్డకట్టాయి. చీకటి పడుతుండగా ఫెర్డ్, లైల్ వచ్చారు. ఫెర్డ్ చంకలో డజను బీర్ల పెట్టె. రావడం రావడమే దాన్ని గ్యారేజీలో పెద్ద తలుపు పక్కన సిమెంటు నేల మీద పెట్టి, చేతులు దులుపుకున్నాడు.

"అయిపోయింది నీ గొడవ. ఇక వసంతం దాకా గ్యారేజీ అంతా ఫ్రిజ్జే. ప్లగ్గు అక్కర్లేదు, మీటరు అక్కర్లేదు, పైసా ఖర్చు లేదు. దేవుడే నీ బిల్లు కట్టాడు."

లైల్ అప్పటికే ఒకటి తీసి నా వైపు చాపాడు. "పట్టు. పన్ను తగ్గింది, నడుము తగ్గింది, కరెంటు ఊరికే వచ్చింది. ఇంకేముంది నీకు అడ్డం?"

ఏదో ఒకటి చెబుదామని నోరు తెరిచాను. ఏమీ లేదు. కాలేయం అందామనుకున్నాను, కానీ అది మరీ నిజం దగ్గరికి పోతుంది. చేతిలోకి డబ్బా వచ్చేసింది. చల్లగా ఉంది. వేలు దానంతట అదే మూత మీదికి పోయింది. ఆ వేలు నాది కానట్టు చూస్తూ నిలబడ్డాను.

"నేను తాగకూడదు" అన్నాను.

"డాక్టరు అన్నాడా?"

"డాక్టరు కాదు. పన్నూ లేదు, నడుమూ లేదు, కరెంటు బిల్లూ లేదు. ఒకటి తాగితే ఆపడం నాకు చేతకావడం లేదు. టిల్డాను రింకు నుంచి తెచ్చిన రోజు మూడు తాగాను. రెండు కాదు, మూడు. కారిన్ దాన్ని నా బండి ఎక్కనివ్వడం లేదు. ఫ్రిజ్ ప్లగ్గు అందుకు పీకాను."

డబ్బా నేల మీద పెట్టేశాను.

లైల్ తన బూట్ల వంక చూసుకున్నాడు. ఫెర్డ్ ఫ్రిజ్ వంక చూశాడు, ప్లగ్గు వంక చూశాడు, షెల్ఫు మీదున్న కాఫీ డబ్బా వంక చూశాడు. వంగి బీర్ల పెట్టె ఎత్తుకున్నాడు. "సరే" అన్నాడు. ఇద్దరూ పక్క తలుపులోంచి వెళ్ళిపోయారు. ఇరవై ఏళ్ళ స్నేహానికి ఆ ఒక్క మాట.

వెనక్కి తిరిగితే వంటింటి తలుపు దగ్గర మార్లిస్. వచ్చి నా కోటు గుండీలు పెట్టింది, నేను గుండీలు పెట్టుకోకుండానే ఇంతసేపూ నిలబడ్డానట.

నవంబర్ 22, శనివారం

పొద్దున్నే కారిన్‌కు ఫోను చేశాను. అక్టోబరులో ఒకటి తాగానని చెప్పాను.

"తెలుసు నాన్నా. అమ్మ ఆ రోజే చెప్పింది. నువ్వు చెబుతావా లేదా అని చూస్తున్నాను."

"మరి గురువారాలు?"

"కొత్త సంవత్సరం ఇంకా రాలేదు కదా" అంది.

ఫోను పెట్టేశాక వంటింట్లో కూర్చుని ఏడ్చాను. మార్లిస్ రేడియో గొంతు పెంచింది, నేను సిగ్గుపడకుండా.

నవంబర్ 28, శుక్రవారం

నిన్న థాంక్స్‌గివింగ్ పండగ భోజనం కారిన్ ఇంట్లో. టిల్డా నా పక్కనే కూర్చుంది.

ఈ రోజు గ్యారేజీ తలుపు నడుమెత్తుకు లేపి పెట్టాను. కాఫీ ఫ్లాస్కులో పోసుకుని, మూడు కప్పులు పెట్టుకుని కూర్చున్నాను. ఫెర్డ్ ఇంట్లో దీపం వెలుగుతూనే ఉంది. లైల్ బండి ఒకసారి వీధి చివరిదాకా వచ్చి వెనక్కి తిరిగింది.

రాలేదు.

వాళ్ళకు కావలసింది నేను కాదు, నా ఫ్రిజ్. అంతే అయి ఉంటుంది. కాఫీ చల్లారిపోయింది, తలుపు దించేశాను.

డిసెంబర్ 2, మంగళవారం

కష్టంగా ఉంది. ఇంకేమీ రాయను.

డిసెంబర్ 5, శుక్రవారం

తలుపు లేపాలా వద్దా అని తేల్చుకోలేక, ఒక జానెడు లేపాను.

ఆ జానెడు సందులో రెండు జతల బూట్లు వచ్చి ఆగాయి. "ఇదేంట్రా, పిల్లికోసం లేపావా?" అని ఫెర్డ్ గొంతు. నేను గబగబా పైకి లాగాను. ఫెర్డ్ చేతిలో పాత పనిసంచీ, కాస్త వైరు. లైల్ నెత్తిన ఒక పెట్టె, అందులో జింజర్ ఏల్ అనే అల్లం సోడా, నారింజ సోడా.

ఫెర్డ్ తిన్నగా ఫ్రిజ్ దగ్గరికి పోయి మోకాళ్ళ మీద కూర్చుని, రబ్బరు వదులైన మూలలోంచి వైరు లోపలికి పంపి, అడుగున ఒక బల్బు బిగించడం మొదలుపెట్టాడు.

"ఏం చేస్తున్నావురా?"

"సోడా బీరుకన్నా ముందే గడ్డకడుతుంది. ఈ చలికి రేపు పొద్దున్నకల్లా డబ్బాలు పగిలి నీ గ్యారేజీ అంతా బంక. లోపల బల్బు ఒకటి వెలుగుతుంటే ఆ వేడికి బతుకుతాయి. ఇప్పటి బల్బులు పనికిరావు, వేడే రాదు వాటికి. నా దగ్గర పాతకాలంవి ఒక అట్టపెట్టె నిండా ఉన్నాయి. పారేయమని మా ఆవిడ పోరుతుంటే దాచాను. చూశావా, పనికొచ్చాయి."

బల్బు వెలిగింది. ఫ్రిజ్ లోపల పసుపు వెలుగు, కోడిపిల్లలను వెచ్చగా ఉంచే పెట్టెలా. లైల్ సోడాలు వరసగా పేర్చాడు, పేర్లన్నీ ముందుకు తిప్పి.

నేను ఉండబట్టలేక అడిగేశాను. "పోయిన వారం రాలేదేం?"

ఫెర్డ్ స్క్రూడ్రైవరు తుడుస్తూ కూర్చున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"ఏం తీసుకురావాలో తెలియలేదురా" అన్నాడు. "ఇరవై ఏళ్ళలో ఇక్కడికి ఖాళీ చేతులతో ఒక్కసారైనా వచ్చానా? బీరు తేకూడదు. మరేం తేవాలి? కొట్లో గంట తిరిగాను. జ్యూసు తెస్తే నిన్ను జబ్బుమనిషిని చేసినట్టు ఉంటుందనిపించింది. కేకు తెస్తే నవ్వుతావనిపించింది. ఇంటికొచ్చి కూర్చున్నాను."

"నేను సగం దారి వచ్చాను" అన్నాడు లైల్. "నా బండిలో బీర్ల పెట్టె ఉంది. దాంతో నీ వాకిట్లోకి ఎలా రాను? పారేయడానికి చోటు వెతుక్కుంటూ తిరిగాను."

నేనేమనుకున్నానో వాళ్ళకు చెప్పలేదు. వీళ్ళ మీద ఈ పుస్తకంలో రాసిన మాట కొట్టేయాలనిపించింది. కొట్టేయను, ఉండనీ, నా బుద్ధి నాకు తెలియాలి.

వెళ్తూ వెళ్తూ ఫెర్డ్ షెల్ఫు మీది కాఫీ డబ్బా అందుకుని ఫ్రిజ్ నెత్తిన పెట్టాడు. "ఈ బల్బు రాత్రీపగలూ వెలగాలి. ఆ బుడ్డ మోటారు కన్నా ఎక్కువే లాగుతుంది. ఇప్పుడు నిజంగానే నీ కరెంటు బిల్లు పెరుగుతుంది, అబద్ధాలకోరా. అందులోంచి కట్టు."

డిసెంబర్ 19, శుక్రవారం

నారింజ సోడా నాకు అస్సలు పడదు. లైల్ కోసం తాగుతున్నాను.

జనవరి 1, గురువారం

రింకుకు సెలవు. కారిన్ ఫోను చేసింది. "వచ్చే గురువారం నాకు డ్యూటీ ఉంది" అంది, అంతే. నేను "సరే" అన్నాను. ఫెర్డ్ లాగే అన్నాను.

జనవరి 8, గురువారం

రింకు బయట ముందే పోయి నిలబడ్డాను. టిల్డా సంచీ ఈడ్చుకుంటూ వచ్చి, "బండి బాగైందా తాతా!" అని కేక పెట్టింది.

"చాలావరకు బాగైంది" అన్నాను.

ఎక్కి కూర్చుని చుట్టూ వాసన చూసింది. నేను తాళం తిప్పబోయి ఆగాను.

"ఇప్పుడు గ్యారేజీ వాసన రావట్లేదే" అంది. దాని గొంతులో కాస్త దిగులు కూడా ఉంది.

"గ్యారేజీకి పోదామా మరి?"

పోయాం. దాని చేతి తొడుగులు తడిసి ముద్దయి, వేళ్ళు ఎర్రగా కందిపోయాయి. సోడా కోసం ఫ్రిజ్ తలుపు తీసి కెవ్వుమంది. "తాతా! మీ ఫ్రిజ్ పిచ్చిది! లోపల వెచ్చగా ఉంది!" సోడా సంగతి మరిచిపోయి, తొడుగులు రెండూ విప్పి డబ్బాల పక్కన ఆరబెట్టింది. చేతులు లోపల పెట్టుకుని అక్కడే గొంతుకూర్చుంది. పక్కింటి ఆంటీ కుక్క దగ్గర్నుంచి గోలు ఎలా ఆపిందో దాకా ఆగకుండా చెబుతూనే ఉంది. నేను బోర్లించిన బక్కెట్టు మీద కూర్చుని విన్నాను.

మార్లిస్ కరెంటు బిల్లు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఇదిగో, ఈ నెల నిజంగానే పెరిగింది. ప్లగ్గు పీకేయమంటావా?"

"తొడుగులు ఆరనీ" అన్నాను.